గట్టిమేళం తీసేస్తే

పెళ్ళి వీడియోను మొదటి నుంచి చివరిదాకా చూసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. పెళ్ళికూతురు తన మొహం లావుగా కనబడిందని మధ్యలోనే ఆపేస్తుంది. పెళ్ళికొడుకు అసలు చూడడు, చూసి ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు కనుక. అత్తలు, పిన్నులు తాము కనబడే చోటు కోసం వెతుకుతారు. కనబడితే సరే, కనబడకపోతే మాకు ఫోను చేసి తిడతారు. అయినా బళ్ళారిలో ఈ రోజుల్లో మూడు కెమెరాలు లేకుండా ఏ మెడలోనూ తాళి పడదు. ఆ మూడు కెమెరాలు పోగేసిన చెత్తను మనుషులు చూడగలిగేట్టు చేయడం నా వృత్తి.

బ్రూస్‌పేటలో మా నాన్న శ్రీనివాసులుకు స్టీలు పాత్రల అంగడి ఉంది. దాని మీది గదిలో నా స్టూడియో. కెమెరామన్ కొట్రేశ్ తీసుకొస్తాడు, నేను కోసి కుడతాను. మూడు కెమెరాలనూ ఒకే సమయానికి కలపాలి. పనికొచ్చే ముక్కలు వెతకాలి, కోయాలి, రంగు సరిచేయాలి, చప్పుడు సరిచేయాలి, చుట్టూ బంగారు అంచు వేయాలి, పైనుంచి పూరేకులు రాల్చాలి, చివరకు అన్నిటినీ అతికించాలి. ప్రతి పనికీ ఏవేవో బొత్తాలు నొక్కడం, నొక్కాక తెర మీద నీలం గీత నత్తలా పాకుతుంటే నోరు తెరుచుకుని చూడడం. నాకున్న ఓపికకు ఆ పని సరిపడలేదు. అందుకే కమాండ్‌లైను నేర్చుకున్నాను.

అందులో బొమ్మలుండవు, బొత్తాలుండవు. నల్లతెర మీద ఏం కావాలో ఒక వరుసలో రాస్తే ఆ పని జరిగిపోతుంది. అలాంటి వరుసలన్నీ ఒక ఫైలులో ఒకదాని కింద ఒకటి రాసి పెట్టుకుంటే దాన్ని స్క్రిప్టు అంటారు. మొదటి పని ముగియగానే దాని ఫలితం రెండో పనికి అందుతుంది, రెండోది ముగిస్తే మూడోదానికి. మనం ఒక్క మాట కొట్టి, ఎంటర్ నొక్కి, టీ తాగి రావచ్చు. సోమరితనానికి ఇంత శ్రమపడొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మా నాన్నకు ఆ నల్లతెరంటే ఒళ్ళుమంట.

"ఏంది రూపా, పొద్దన్నుంచీ దాని ముందర కూచోని ఏం చేస్తాండావు? బొమ్మ ల్యాకుండా అదేం వీడియోనే?"

"బొమ్మ చివర్న వస్తాది నాయనా."

"గిరాకీ ముందర ఖాళీ డబ్బా పెట్టి, బిందె చివర్న వస్తాదంటే వాడు కొంటాడా? సుమ్నే ఉండు, ఊరికే కతలు చెప్పద్దు."

ఆ స్క్రిప్టుకు నేను పెట్టిన పేరు గట్టిమేళం. ఊరికే పెట్టలేదు. పెళ్ళంతటిలో ఏది ముఖ్యమైన ఘట్టమో కంప్యూటరుకు ఎలా చెప్పాలి? దానికి జీలకర్రా తెలియదు, బెల్లమూ తెలియదు. చాలా తల బద్దలు కొట్టుకున్నాక తట్టింది. మన పెళ్ళిళ్ళలో ఆ సంగతి పంతులే చెబుతాడు. ముఖ్యమైన క్షణం రాగానే వేలెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అని అరుస్తాడు. డోలూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అంటే చప్పుడు ఎక్కడ హెచ్చితే అక్కడ ఘట్టం ఉన్నట్టే. స్క్రిప్టు మొత్తం పెళ్ళిని చెవులతో విని, మేళం హెచ్చిన చోటల్లా కాస్త ముందు నుంచి కాస్త వెనకదాకా కోసి పెడుతుంది. మా చుట్టాల పాత పెళ్ళిళ్ళ మీద నడిపి చూశాను. ఒక్క ముడి, ఒక్క తలంబ్రం తప్పిపోలేదు. ఆ రోజు అద్దంలో చూసుకుని నాకు నేనే నమస్కారం పెట్టుకున్నాను.

ఆ గర్వం మీద ఉండగానే, కింద అంగడిలో గిరాకీలను చూసుకునే మా తమ్ముడు శరణ్ పెళ్ళి కుదిరింది.

పెళ్ళికూతురు బిందుశ్రీ నా క్లాస్‌మేటు. హచ్చొళ్ళి పిల్ల. వాళ్ళ తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కాలవ కింద భూమి కొని, వరి వేసి అక్కడే స్థిరపడ్డాడు. కలిసి చదువుకుందామని బిందు మా ఇంటికి వచ్చేది. నేను పుస్తకం చదివాను, ఆమె మా తమ్ముణ్ణి చదివింది. ఇద్దరం పాసయ్యాం.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచి వాళ్ళ నాన్న చెన్నకేశవరావు గారు కూతురితో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు, గదిలో పెట్టి తాళం వేయలేదు. మాట మానేశాడంతే. తర్వాత ఆయన భార్య పుష్పావతి గారు పడాల్సిన పాట్లన్నీ పడి పెళ్ళికి ఒప్పించింది. ఒప్పుకుంటూ ఆయన అన్నది రెండే ముక్కలట. "పెళ్ళి చేస్తాను. మాట్లాడను." సంగతి తెలిసి ఏడాదిన్నరైనా ఆ రెండో ముక్కను అంగుళం కూడా జరపలేదు. ఈ ప్రేమకు దారి చూపింది నేనేనని నమ్మి నాతోనూ మాట్లాడేవాడు కాదు. అందులో నాకు పెద్ద నష్టం లేదు. బిందు మాత్రం ఆ ఏడాదిన్నరలో సగమైపోయింది.

పెళ్ళి బట్టలు కొనడానికి వాళ్ళు బళ్ళారి వచ్చినప్పుడు నేనూ వెళ్ళాను. బట్టల అంగడిలో పరుపు మీద ఆ చివర తండ్రి, ఈ చివర కూతురు, మధ్యన పుష్పావతి గారు.

"ఆ ఎర్రది బాగుందని దానికి చెప్పు" అన్నాడు చెన్నకేశవరావు గారు.

"అది మీ పక్కనేగా ఉంది, మీరే చెప్పండి."

"నువ్వు చెప్పు."

"ఎర్రది బాగుందంటున్నారమ్మా నాన్న."

"విన్నానమ్మా" అంది బిందు. అని ఆ ఎర్రదే తీసుకుంది.

బయటికొచ్చాక పుష్పావతి గారు నన్ను పక్కకు లాగి ఇంకో మొర పెట్టుకుంది. "ఈయనకి మతి చలించిందమ్మా. విత్తనాలకని బళ్ళారి వస్తారు, స్టీలు బకెట్టు పట్టుకొస్తారు. ఎరువులకని వస్తారు, మళ్ళీ బకెట్టే. ఎందుకండీ అంటే పలకరు. ఒకదాంట్లో ఒకటి దూర్చి అటక మీద పెట్టించాను. అటక కూడా నిండిపోయింది." నేను నవ్వి ఊరుకున్నాను. బకెట్లు కొనేవాళ్ళను తప్పుపట్టే అలవాటు మా ఇంటావంటా లేదు.

పెళ్ళి ముందురోజు బిందు ఫోను చేసింది.

"రూపా, ఒక పని చేసి పెడతావా? కన్యాదానంలో తండ్రి కూతురి పేరు చెప్పి ధారపోయాలి కదా. పంతులు గారు పలికిస్తే నాన్న పలకాలి. ఆయన నోట నా పేరు వినపడేది ఇంక అక్కడొక్కచోటే. ఆ బాజాల గోలలో నాకు వినపడకపోతే ఎట్లా? ఆ ముక్క శుభ్రంగా వినపడేట్టు చెయ్యి. సాయంత్రం మీ ఇంటికి వచ్చేలోగా ఒక్కసారి వింటాను."

సరేనన్నాను. ఇలాంటప్పుడు మంచి మాట చెప్పడం చేతకాని వాళ్ళు కోడ్ రాస్తారు. ఆ పూటే స్క్రిప్టులో కొత్త వరుసలు చేర్చాను. పంతులు కండువాకు చిన్న మైకు తగిలించాలి. కెమెరాల చప్పుడు పారేసి ఆ మైకు చప్పుడే వాడాలి. అందులోంచి డోలూ సన్నాయీ పిండేసి మనుషుల గొంతులు మాత్రమే మిగల్చాలి. ఆ పైన గొణిగిన వాడి గొంతు పెంచి, అరిచిన వాడి గొంతు తగ్గించి, అందరినీ ఒకే మట్టానికి తేవాలి. పాత వీడియో ముక్క ఒకటి పెట్టి చూస్తే మంత్రాలు రేడియోలో వచ్చినంత స్పష్టంగా వచ్చాయి.

మేళం ఎక్కడుందో చూసి ఘట్టాన్ని పట్టుకోవడం ఒక వరుస. పట్టుకున్నాక ఆ మేళాన్నే తీసేయడం ఇంకో వరుస. రెండూ విడివిడిగా బంగారంలా పనిచేశాయి. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించే తెలివి ఆ పూట నా దగ్గర లేదు.

దానికి తోడు తొందర. మా వైపు ఆనవాయితీ ప్రకారం రిసెప్షను ముందురోజు సాయంత్రం, తాళి మర్నాడు పొద్దున. పెళ్ళి మాటలప్పుడు ఈ సంగతి వినగానే చెన్నకేశవరావు గారి తమ్ముడు హరిబాబు మండిపడ్డాడు. "తాళి కట్టకుండానే ఇద్దర్నీ సోఫాలో కూచోబెట్టి ఫొటోలు దిగుతారా? మా పిల్లంటే ఏవనుకున్నారు?" దాంతో పొద్దున తాళి, సాయంత్రం రిసెప్షను, ఆ వెంటనే అప్పగింతలు అని ఖాయమైంది. పొద్దున జరిగిన పెళ్ళిని సాయంత్రమే పెద్ద ఎల్‌ఈడీ తెర మీద చూపిస్తామని మా నాన్న ఊరంతా చాటేశాడు. నల్లతెరను తిట్టిన నోటితోనే.

నేనేమో ఆడపడుచును. పట్టుచీర కట్టుకుని, మండపమంతా తిరుగుతూ, ఆడపెళ్ళివాళ్ళను సాధించాల్సిన పదవి. కంప్యూటరు ముందు కూర్చునే తీరిక ఎక్కడిది? అందుకే చివరి వరుస కూడా రాశాను. వీడియో తయారవగానే ఎల్‌ఈడీ నడిపే కంప్యూటరుకు దానంతటదే వెళ్ళాలి, చెప్పిన వేళకు దానంతటదే మొదలవ్వాలి, అయిపోతే మళ్ళీ మొదటినుంచి ఆడాలి. మధ్యలో మనిషి చెయ్యి తగలకూడదు. మనిషి కన్ను కూడా తగలకూడదని రాయలేదు గానీ జరిగింది అదే.

పెళ్ళి రోజు పంతులు గారు చాలా తొందరలో ఉన్నాడు. మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు, మాటిమాటికీ వేలెత్తి మేళం పెంచమన్నాడు. కన్యాదానం దగ్గర బిందు తల వంచుకుని కూర్చుంది. నేను కొట్రేశ్ వెనక నిలబడి చూస్తున్నాను.

"బిందుశ్రీ నామ్నీం అనండి" అన్నాడు పంతులు.

చెన్నకేశవరావు గారు నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. సర్దుకుని మళ్ళీ తెరిచాడు. మళ్ళీ దగ్గే. పంతులు ఒక్క క్షణం ఆగి, గడియారం చూసుకుని, ఆ పేరు కూడా తానే చదివేసి ముందుకు సాగిపోయాడు. బిందు తల ఇంకాస్త వంగింది. నాకు ఆ పెద్దమనిషిని నీళ్ళ చెంబుతో మొత్తాలనిపించింది.

ఆ తర్వాత ముహూర్తం వచ్చింది. వధూవరుల మధ్య తెర పట్టుకున్నారు, మేళం చెవులు చిల్లులుపడేట్టు మోగింది, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. తెరకు ఇవతల పంతులుకూ కూతురికీ మధ్యన కూర్చున్న చెన్నకేశవరావు గారి పెదాలు కదలడం చూశాను. ఇప్పుడు మంత్రం బాగానే చదువుతున్నాడే అని పళ్ళు నూరుకున్నాను.

మధ్యాహ్నం పెళ్ళికూతురి గదిలో బిందు పూలజడ విప్పించుకుంటూ అంది. "పలకలేదు కదా రూపా."

"దగ్గొచ్చింది పాపం."

"అది దగ్గు కాదు." అని అద్దంలోకి చూస్తూ, "సాయంత్రం వెళ్ళిపోతాను. ఇంక దేనికి పలుకుతాడు?" అంది.

బయటికొచ్చి, కొట్రేశ్ ఇచ్చిన మెమరీ కార్డులు ల్యాప్‌టాపుకు పెట్టి, గట్టిమేళం అని కొట్టి, ఎంటర్ నొక్కాను. నల్లతెర మీద వరుసలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఒక్క తప్పూ లేదని అదే చెప్పుకుంది. నేను చీర మార్చుకోవడానికి వెళ్ళిపోయాను.

సాయంత్రం హాలు నిండిపోయింది. వేదిక మీద సోఫాలో శరణ్, బిందు. మెట్ల పక్కన అతిథులను పలకరిస్తూ చెన్నకేశవరావు గారు, పుష్పావతి గారు. ఓ మూల అప్పగింతల కోసం ఆగిన మేళం వాళ్ళు కాఫీలు తాగుతున్నారు. లైట్లు తగ్గాయి, ఎల్‌ఈడీ తెర వెలిగింది. బంగారు అక్షరాలతో ఇద్దరి పేర్లూ వచ్చాయి. మా నాన్న ముందు వరుసలో కూర్చుని చుట్టూ చూశాడు, అదంతా తన అంగడిలో తయారైనట్టు.

మొదటి ఘట్టం మొదలైంది. బంగారు అంచు మధ్యలో హరిబాబు గారి ముఖం, తెరంత. ముక్కు ఎగబీల్చాడు, కళ్ళు మూశాడు, పూరేకులు రాలుతుండగా భూమి అదిరేట్టు తుమ్మాడు.

హాలంతా గొల్లుమంది. ఏం జరిగిందో అప్పుడు వెలిగింది. మేళం పెంచేది ముహూర్తానికి ఒక్కదానికే కాదు. ఎవరైనా తుమ్మితే, ఏడిస్తే, తగువుపడితే, ఆ అశుభం ఎవరి చెవినా పడకూడదని కూడా పంతులు వేలెత్తుతాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను చూస్తున్నదే. మేళం వేసి దాచిపెట్టిన ప్రతి దాన్నీ నా స్క్రిప్టు వెతికి పట్టుకుంది. పట్టుకుని మేళం పీకేసి, గొంతు పెంచి, పూలు చల్లింది.

రెండో ఘట్టం. పంతులు కండువాలో మొహం దాచుకుని ఫోనులో మాట్లాడుతున్నాడు. "మోక పెళ్ళోళ్ళకు పంతులు బస్సెక్కినాడని చెప్పప్పా. ఈడ తాళి ఇంగా కట్టల్యా. పిల్ల తండ్రి దగ్గుతాండాడు. నేనే సగం మంత్రాలు మింగేస్తాండా, ఇంగెంత బేగ చేసేది?" పంతులు అదృష్టవంతుడు, ఆ సమయానికి నిజంగానే మోకలో ఉన్నాడు.

మూడో ఘట్టంలో వియ్యపురాళ్ళిద్దరూ పంతులు వెనకే పళ్ళేలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. మా అమ్మ వాసవాంబ గొంతు: "మీ కారానికి మావాళ్ళ నోళ్ళు బొబ్బలెక్కినాయి వదినా." పుష్పావతి గారి గొంతు: "అవును వదినా. ఆ బొబ్బలతోనే మూడు పంక్తుల్లోనూ కూచున్నారు."

నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తెర వెనక్కి పరుగెత్తాను. కొట్రేశ్ అక్కడే ఉన్నాడు.

"ఎల్‌ఈడీ ఆయన యాడ?"

"ఊటానికి పోయినాడక్కా, పంక్తిలో కూచున్నాడు. గదికి బీగం వేసుకుని పోయినాడు."

"వైరు పీకు!"

"ఏ వైరు? అన్నీ ఒకే మాదిరి ఉండాయి."

"ఏదో ఒకటి పీకప్పా!"

పీకాడు. వేదిక మీది లైట్లన్నీ ఆరిపోయాయి. ఆ చీకట్లో ఎల్‌ఈడీ తెర ఇంకా బాగా కనబడింది.

అప్పుడు ముహూర్తం వచ్చింది. తెర అడ్డం, జీలకర్ర బెల్లం పట్టుకున్న చేతులు, కూతురి వైపు కాస్త వంగిన చెన్నకేశవరావు గారు. మేళం లేదు. ఆయన గొంతొక్కటే, హాలు నాలుగు మూలలకూ వినపడేట్టు.

"బిందూ."

వేదిక మీద బిందు లేచి నిలబడింది.

"వినపడుతోందా? వినపడదులే. ఈ గోలలో దేవుడికి కూడా వినపడదు. అందుకే ఇప్పుడు చెబుతున్నా. మాట్లాడనన్నాను కదా, మర్నాటికే నోరు దురదపెట్టింది. అన్నాక వెనక్కెలా వస్తాను? మీ అమ్మ నవ్వదూ? కుర్రాడు మంచోడేనమ్మా. నేను చూశాను. టోపీ పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని వాళ్ళ కొట్టుకెళ్ళాను. కొన్న బకెట్టుకి చిల్లుందని అబద్ధం చెప్పి పోట్లాడాను. నీళ్ళు పోసి చూపించాడు గానీ విసుక్కోలేదు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ పోట్లాడాను. ఊహూఁ, విసుక్కోడు. నాకంటే నయం. ఎన్ని బకెట్లని కొంటాను, మనసులో ఒప్పేసుకున్నాను."

తెర మీద ఆయన గొంతు సవరించుకోవడం కూడా వినపడింది.

"కాలవకి నీళ్ళొదిలిన రోజు నీకు చెప్దామని నీ గది దాకా వచ్చాను తల్లీ. చిన్నప్పుడు నువ్వు గంతులేసేదానివి కదా, నీళ్ళొచ్చాయంటే. గుమ్మం దగ్గర నిలబడి, నిలబడి, వెళ్ళిపోయాను. అప్పుడు నువ్వు మెలకువగానే ఉన్నావు. లైటు వెలుగుతోంది."

"తెర మీంచి చెయ్యి తియ్యండి అయ్యా, దించల్ల" అన్నది పంతులు గొంతు. ముక్క అయిపోయింది.

నేనైతే ఏడుస్తున్నాను, మొహానికి వేసిన రంగు కారుతున్నా పట్టించుకోకుండా. అందరికంటే ముందు తేరుకున్నది పుష్పావతి గారు.

"అయితే ఆ బకెట్లు!" అని అరిచింది.

శరణ్ తల గోక్కున్నాడు. నేను వేదిక పక్కకు వచ్చి వాణ్ణి పట్టుకున్నాను. "నీకు తెలుసా?"

"మొదటి బకెట్టు నాడే తెలుసక్కా. బిందు ఫోన్లో ఫొటో చూసింటి. గుడ్డ జారింది, ముక్కు కనబడింది."

"మరి యాల చెప్పల్యా?"

"చెప్తే మళ్ళీ వచ్చేటోడా?" అన్నాడు మా తమ్ముడు. వాడు స్టీలు వ్యాపారి కొడుకని నాకు ఆ రోజు గట్టిగా నమ్మకం కుదిరింది.

ఈలోగా తెర మీద తాళి, తలంబ్రాలు వచ్చిపోయినా ఎవరూ చూడలేదు. చెన్నకేశవరావు గారు నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఏడాదిన్నర తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది. "ఏమ్మాయ్, ఇది మళ్ళీ వస్తుందా?"

"లేదంకుల్, అయిపోయినట్టే" అన్నాను. మళ్ళీ మొదటినుంచి ఆడమని నేనే రాసిన సంగతి మరిచిపోయాను. తెర మీద హరిబాబు గారు తిరిగొచ్చి, ముక్కు ఎగబీల్చి, మరోసారి తుమ్మాడు. ఈసారి కొట్రేశ్ సరైన వైరు పీకాడు. తెర ఆరింది. వేదిక లైట్లు ఎవరో వెలిగించారు.

ఆ వెలుగులో బిందు మెట్లు దిగి వస్తోంది. చీర కాళ్ళకు అడ్డం పడుతుంటే చేత్తో పట్టుకుని, తిన్నగా వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాకు వినపడేట్టు చెప్పు నాన్నా."

ఆయన నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. అలవాటుగా పక్కకు తిరిగాడు. "పుష్పా, దానికి..."

"నేను చెప్పను" అంది పుష్పావతి గారు. "ఆ ఉద్యోగం ఇవాళ్టితో మానేశాను."

ఆయన చుట్టూ చూశాడు. వందల మంది. అంతమందీ ఆయన నోటి వైపే చూస్తున్నారు. భూమి తవ్వుకుని లోపలికి పోయేవాడిలా ఉన్నాడు. పోతాడనే అనుకున్నాను, తలుపు వైపు ఒక అడుగు కూడా వేశాడు. అక్కడ మూలన కాఫీ తాగుతున్న మేళం వాళ్ళు కనబడ్డారు. ఆగాడు. పొద్దున పంతులు ఎత్తినట్టే వేలు పైకెత్తాడు.

"గట్టిమేళం!"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మిమ్మల్నేనయ్యా! గట్టిమేళం!"

కాఫీ గ్లాసులు కింద పెట్టి విరుచుకుపడ్డారు. హాలు కప్పు లేచిపోతుందేమో అనిపించింది. ఆ చప్పుడులో చెన్నకేశవరావు గారు వెనక్కి వచ్చి, వంగి, కూతురి చెవి దగ్గర నోరు పెట్టాడు. బిందు రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుంది. ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆమె తల ఊపుతూనే ఉంది. ఒకసారి నవ్వింది, వెంటనే ఏడ్చింది, ఆయన భుజం మీద ఒక దెబ్బ కూడా వేసింది. సన్నాయి ఊదేవాడు బుగ్గలు నొప్పెట్టి ఇక చాలా అన్నట్టు చూశాడు. చెన్నకేశవరావు గారి వేలు ఇంకా పైకే ఉంది.

మా నాన్న నా చెవిలో అరిచాడు. "ఏమంటాండాడే?"

"వినపడల్యా నాయనా!"

"నీ మిషను పెట్టి చూడు!"

కొట్రేశ్ కెమెరా నడుస్తూనే ఉంది. తర్వాత పొద్దుటి కార్డులతో పాటు ఆ కార్డూ పెట్టి, మేళం హెచ్చిన వరుసలో పేర్చమని స్క్రిప్టు నడిపితే, పెళ్ళంతటిలో పెద్ద ఘట్టం అదేనని మొట్టమొదట దాన్నే కోసి పెట్టింది. తాళి కట్టింది రెండోది. ఆ ఒక్కసారికి అది చెప్పిందే నిజం. మేళం తీసేసే వరుస దగ్గర నేను దాన్ని ఆపేశాను. మా నాన్న ఇప్పటికీ అడుగుతుంటాడు, నడిపితే వినపడేది కదా అని. వినపడేదేమో. నడపలేదు.

ఆ ముక్క ఇప్పుడు వీడియోలో డోలుతో, సన్నాయితో అలాగే ఉంది. బిందు వారానికోసారైనా దాన్ని పెట్టుకుంటుంది. మొత్తం చూడదు, అక్కడిదాకా చూసి ఆపేస్తుంది. చప్పుడు కాస్త తగ్గించమ్మా అంటే కోడలు వినడం లేదని మా అమ్మ నాకు రోజూ ఫిర్యాదు చేస్తోంది.